ఎర్ర పెట్టె వస్తే పరవాలేదు నొక్కు

జూన్ 3

ఒరేయ్ జెండా,

ఎలా ఉన్నావు? ఆ దీవిలో ఫోన్ పలకదు. ఉన్న ఒక్క వైర్‌లెస్‌లో గాలీ వానల కబుర్లే తప్ప అక్కాతమ్ముళ్ల కబుర్లు చెప్పుకోనివ్వరు. అందుకని గురువారం పడవకి ఈ ఉత్తరం ఎక్కిస్తున్నాను. తడపకుండా తెచ్చిస్తే పడవ నడిపే సరంగు గారి చొక్కా కాలరు ఊరికే తిప్పి కుడతానని చెప్పు.

ముందు మంచి కబురు. పెద్దాసుపత్రి నర్సుల తెల్లకోట్లు నాకే ఇచ్చారురా! నూట నలభై కోట్లు. ప్రతి జేబు మీదా ఆసుపత్రి గుర్తు కుట్టాలి. వెలుగుతున్న దీపం, దాన్ని కాస్తున్న రెండు చేతులు, కింద నర్సు పేరు. జూలై ఒకటిన కొత్త వార్డు తెరుస్తారు, ఆ రోజుకి అందరి ఒంటి మీదా ఉండాలి. బజారు చివర నాలుగంతస్తుల షాపు వాళ్లు కూడా నమూనా ఇచ్చారట. పెద్ద నర్సమ్మ రెండూ పక్కపక్కన పెట్టుకుని నాదాన్ని చూపించి "ఇదే వెలుగుతోంది" అందట. ఇది సవ్యంగా చేసిచ్చానా, ఏటా ఈ పని మనదే. లేదా, మళ్లీ ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ కూర్చోవాలి, నా దగ్గరున్న ఇద్దరమ్మాయిలనీ వేరే పని చూసుకోమనాలి.

ఇదంతా నీ చలవేరా. నిరుడు సెలవులో వచ్చి ఆ ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ కొనిపెట్టకపోతే ఈ దీపం గీయడం నావల్ల అయ్యేదా? "మా తమ్ముడు కొనిచ్చాడు, అసలు సిసలు సరుకు" అని గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను. ఇంకోసారి అంటే ఆ మాటే నా నోటికి అడ్డంగా కుట్టేస్తానంటున్నాడు మీ బావ. ఆయనకి కుళ్లు. ఆయన తోడబుట్టినవాళ్లు ఇంతవరకూ నాకో బొత్తాం కొనిచ్చిన పాపాన పోలేదు.

నువ్వు కంప్యూటర్ మీద అంటించిన చీటీ చెక్కుచెదరలేదు. "ఎర్ర పెట్టె వస్తే పరవాలేదు నొక్కు." ఇదివరకు పొద్దున్నే ఒకసారి వచ్చేది. ఇప్పుడు నిమిషానికోసారి వచ్చి "ప్రమాదం కనిపించింది, తీసెయ్యమంటారా, పరవాలేదా?" అని ప్రాణం తోడేస్తోంది. నేనూ తగ్గడం లేదు. పరవాలేదు, పరవాలేదు, పరవాలేదు!

దీపం నమూనా ఒకటి ఇందులో పెట్టాను, చూసి మెచ్చుకో. అన్నట్టు, ఇవాళ బజార్లో హెడ్మాస్టరమ్మ ఎదురైతే నవ్వాను. మొహం అటు తిప్పుకుని వెళ్లిపోయింది. ఏమైందో ఏమిటో.

నీ అక్క

జూన్ 5

అక్కా,

ఉత్తరం పొడిగానే చేరింది. సరంగు ఇప్పుడు ఒక్క కాలరు కాదు, రెండంటున్నాడు.

కోట్ల సంగతి చదివి భోజనాల గదిలో ఎగిరి గంతేశాను. తేలు కుట్టిందనుకుని వంటాయన గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. నీ దీపం గుడ్డని టీ గ్లాసు కింద వేసుకున్నాను. కింద అంటే లోకువ చేశాననుకోకు, ఇక్కడ నా బల్ల మీద అంతకంటే గౌరవమైన చోటు లేదు.

ఇక్కడ ఎప్పటి పనే. రోజుకి నాలుగుసార్లు గాలి కొలవడం, సముద్రం అటూ ఇటూ అయ్యేలా ఉంటే స్తంభానికి ఎర్ర జెండా ఎక్కించడం. మొన్న జెండా ఎక్కిస్తే ఒక పడవాయన "ఆకాశం అద్దంలా ఉంటే నీ గోలేంటయ్యా" అని తాడు విప్పుకోబోయాడు. అరగంట నిలబెట్టి తిట్టాను. హెచ్చరికంటే అంత లోకువైపోయింది జనానికి!

ఎర్ర పెట్టె గురించి బెంగపడకు. పాత కంప్యూటర్ కదా, దానికి చాదస్తం ఎక్కువ. నువ్వు నొక్కుతూ ఉండు. అసలు సిసలు అని ఊరంతా టముకు వెయ్యడం మాత్రం ఎందుకులే అక్కా. మన ఇంటి సంగతి మన ఇంట్లోనే ఉండనీ.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

జూన్ 10

ఒరేయ్,

కొంప మునిగింది. నవ్వావంటే చంపేస్తాను.

హెడ్మాస్టరమ్మ ఎందుకు మొహం తిప్పుకుందో తెలిసింది. నా మెయిల్ నుంచి ఆవిడకో ఉత్తరం వెళ్లిందట. "మీ నడుము చూసి మీకే సిగ్గుగా లేదా? ముప్పై రోజుల్లో ఆరంగుళాలు తగ్గండి!" అని. కింద నా షాపు పేరు. ఆవిడ ఒక్కదానికే కాదు, నా మెయిల్లో ఉన్న నూట పన్నెండు మందికీ వెళ్లింది! వేరే ఎవరి దగ్గర్నుంచైనా ఇలాంటిది వస్తే చెత్త అని తీసి పారేస్తారు. నేను టైలర్నిరా! ఈ ఊళ్లో ప్రతి నడుమూ టేపు పెట్టి కొలిచినదాన్ని! నేను అంటే నమ్మక చస్తారా?

బ్యాంకు మేనేజరు గారు షాపుకొచ్చి, "పోయినసారి టేపు చూసి మీరు 'ఊఁ' అన్నారు. ఆ 'ఊఁ'లో ఇంత అర్థముందని అప్పుడు తెలీలేదమ్మా" అన్నాడు. పళ్ల డాక్టరమ్మ కుట్టని జాకెట్టు గుడ్డ వెనక్కి పట్టుకెళ్లిపోయింది. పోస్టుమాన్ ఒక్కడే కళ్లనీళ్లు పెట్టుకుని, "మా ఇంట్లోవాళ్లకి కూడా నా ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ లేదమ్మా" అని దణ్ణం పెట్టాడు. ఇదివరకు సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు, ఇప్పుడు నడిపించుకుంటూ వస్తున్నాడు. ఉత్తరాలన్నీ ఆలస్యం.

ఇది మీ బావ పనే. నా పాస్‌వర్డ్ ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు, పైగా మనుషుల్ని ఉడికించడం ఆయనకి సరదా. నాలుగు రోజులుగా మాటల్లేవు. కావలసిన బొత్తాం కాగితం మీద గీసి చూపిస్తున్నాను. "నాకేం తెలీదే మొర్రో" అంటున్నాడు. దొరికిన దొంగ ఇంకేమంటాడు?

ఇది చాలదన్నట్టు నిన్నట్నుంచి సాఫ్ట్‌వేర్ తెరవగానే "ఈ ప్రతి అసలుది కాదు. కొన్న బిల్లు నంబరు ఇవ్వండి" అని అడ్డం పడుతోంది. అసలుది కాదట! దానికెంత పొగరు! నీ దగ్గర బిల్లు ఉంటుంది కదా, వెంటనే పంపు. కోట్లు ఇంకా ఇరవై కూడా అవలేదు.

కంగారులో నీ అక్క

జూన్ 12

అక్కా,

నవ్వలేదు. ఒట్టు, నిజంగా నవ్వలేదు.

బావ అలాంటి పని చెయ్యడక్కా. పాపం ఆయనతో మాట్లాడు. ముందు కంప్యూటర్ వెనక ఇంటర్నెట్ వైరు పీకేసెయ్, మళ్లీ పెట్టకు. కుట్టడానికి దానితో పని లేదు.

బిల్లు సంగతి. అది నా పెట్టెలోనే ఉండేది కానీ పోయిన వానల్లో పైకప్పు కారి కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ ముద్దలోనే పోయింది. ఆ మాట అడ్డం పడ్డప్పుడల్లా పక్కకి తోసేసి పని చేసుకోవచ్చేమో చూడు.

వంటాయనకి జలుబు. నాలుగు రోజులుగా నేనే వంట. అందరూ ఆయన ఆరోగ్యం గురించి తెగ వాకబు చేస్తున్నారు.

పడవ వెళ్లిపోతోంది, తొందరలో రాస్తున్నాను.

తమ్ముడు

జూన్ 17

ఒరేయ్ నాన్నా,

నీ కోసం ఇవాళ ఎంత యుద్ధం చేశానో తెలుసా! ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. "బిల్లు వానలో తడిసిపోయింది, ఇంకోటి ఇవ్వండి" అన్నాను. ఫోనెత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. "తడిసినా ఫర్లేదండీ, మా దగ్గర లెక్క ఉంటుంది, కొన్నవారి పేరు చెప్పండి" అంది. నీ పేరు చెప్పాను. లేదంది. నా పేరు చెప్పాను. లేదంది. మీ బావ పేరు కూడా చెప్పాను, ఆయనతో మాటల్లేకపోయినా. "ఈ ముగ్గురూ మా దగ్గర ఏమీ కొనలేదండీ" అంది.

అంతే, నాకు ఒళ్లు మండింది. "మా తమ్ముడు ఎర్ర జెండా ఎక్కిస్తే సముద్రంలో పడవలు ఆగిపోతాయమ్మా! వాడి మాట మీద మనుషులు ప్రాణాలు పెట్టుకుంటారు! వాడు అబద్ధం ఆడతాడా? మీ పుస్తకాలే సరిగ్గా లేవు!" అని పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా కడిగేశాను. షాపులో అమ్మాయిలిద్దరూ మిషన్లు ఆపి మరీ విన్నారు. చివర్లో ఆవిడ "సరేనండీ" అని మెల్లగా పెట్టేసింది. బాగా బుద్ధొచ్చి ఉంటుంది.

కానీ గెలిచిన సంతోషం సాయంత్రం దాకా కూడా లేదురా. మధ్యాహ్నం నుంచి దీపం బొమ్మ తెరుచుకోవడం లేదు. ఒక్క దీపమే కాదు, నేను గీసుకున్న బొమ్మలన్నిటికీ పేర్లు మారిపోయాయి. దేన్ని నొక్కినా పిచ్చి అక్షరాలు. పన్నెండు రోజులు కూర్చుని ఒక్కో కుట్టూ ఎటు తిరగాలో గీశాను కదా, అదంతా ఏమైంది? అయిన కోట్లు ముప్పై ఒకటి. ఇంకా రెండు వారాలు కూడా లేదు.

రేపు కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని రమ్మన్నాను. నీకేమైనా తెలిస్తే వెంటనే రాయి. నాకు భయంగా ఉంది.

అక్క

జూన్ 18

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు గంటలైంది. మూడు కాగితాలు రాసి చింపేశాను.

ఆ ఫోన్లో ఆవిడ చెప్పిందే నిజం. బిల్లు వానలో తడవలేదు. అసలు బిల్లే లేదు. నేను ఆ సాఫ్ట్‌వేర్ కొనలేదు.

నన్ను శిక్షణకి పంపడానికి రెండేళ్లు దుప్పట్లకి అంచులు కుట్టావు. ఉద్యోగం వచ్చాక మొదటి సెలవులో నీకేదైనా పెద్దది ఇవ్వాలని కంపెనీ షాపుకి వెళ్లాను. ధర విని, ఇంకేదో పనున్నట్టు బయటికొచ్చేశాను. తర్వాత ఇంటర్నెట్లో వెతికితే యాక్టివేటర్ అని ఒకటి దొరికింది. నడిపితే చాలు, కొనకపోయినా కొన్నట్టే పనిచేస్తుందని రాశారు. ముందు యాంటీవైరస్ ఆపెయ్యమన్నారు. ఆపాను. అది మళ్లీ మళ్లీ లేచి ఎర్ర పెట్టె చూపిస్తుంటే ఆ చీటీ రాసి అంటించాను. నిన్ను కాపాడాలని అరుస్తున్నదాని నోరు నీ చేతే మూయించాను. ఆ యాక్టివేటర్లోనే దొంగ కూర్చుని ఉన్నాడక్కా. మెయిళ్లు పంపిందీ వాడే, బొమ్మలు పాడు చేసిందీ వాడే.

ఆ రోజే చెబుదామనుకున్నాను. కానీ తెర మీద మొదటి పువ్వు గీసి నువ్వు నా నెత్తిన చెయ్యి పెట్టావు. చెప్పలేకపోయాను. పోయిన వారమైనా చెప్పాల్సింది, వాన మీదకి తోసేశాను.

ఇప్పుడు చెయ్యాల్సింది రాస్తున్నాను. ఆ కంప్యూటర్ని మొత్తం తుడిపించెయ్. మెయిల్ది, బ్యాంకుది పాస్‌వర్డులు వేరే కంప్యూటర్ నుంచి మార్చు. దాన్లో పెట్టిన పెన్‌డ్రైవ్ ఇంకెక్కడా పెట్టకు. బావకి నా తరఫున క్షమాపణ చెప్పు.

నన్ను తిట్టు. ఎంత తిట్టినా పడతాను.

తమ్ముడు

జూన్ 20

గౌరవనీయులైన వాతావరణ పరిశీలకుల వారికి,

నమస్కారం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. మీ దగ్గర్నుంచి ఈ శనివారం ఉత్తరం లేదు. ఇక్కడ ఆకాశం శుభ్రంగా ఉంది, పడవ రాకపోవడానికి కారణమేమీ కనపడదు. రాయడానికి మీకు మొహం చెల్లలేదని అర్థం చేసుకున్నాను.

కంప్యూటర్ల అమ్మాయి వచ్చి అరగంట చూసి, "అమ్మా, ఈ క్రాక్ పని ఎవరిది?" అంది. "ఎవర్నే క్రాక్ అంటున్నావు, మా తమ్ముడు కాస్త తిక్కమనిషే కానీ బంగారం" అని లేచాను. "మనిషిని కాదమ్మా, క్రాక్ అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టే దొంగ ప్రోగ్రామ్, అదెవరు వేశారని అడిగాను" అంది. తర్వాత అన్నీ విడమర్చి చెప్పింది. వింటూ మీ చీటీ వైపు చూస్తూ కూర్చున్నాను.

మీరు జెండా ఎక్కిస్తే పరవాలేదన్న పడవాయన్ని అరగంట తిట్టారని రాశారు. మరి నన్నెవరు తిడతారు? నేను ఏడాది పొడుగునా రోజూ పరవాలేదు అన్నాను. మీరు చెప్పారని అన్నాను.

బొమ్మలు పోయినందుకు కాదు. అవి మళ్లీ గీసుకుంటాను. ఆ ఫోన్లో ఆవిడతో అన్న మాటలు నా చెవుల్లో మోగుతున్నాయి. నిన్న మళ్లీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. అక్కణ్నుంచి ఆసుపత్రికి వెళ్లి పెద్ద నర్సమ్మ ముందు నిలబడి, "దొంగ సరుకు వాడాను, తెలియక వాడాను, బొమ్మ పోయింది" అని చెప్పాను. ఏం చేస్తుందో ఆలోచించి చెప్తానంది.

ఇట్లు,
ఎంబ్రాయిడరీ షాపు యజమానురాలు

బావమరిదికి, మీ అక్క కవరు అంటించేలోపు ఈ మూల నేను రాస్తున్నాను. ఆవిడ నాతో మాట్లాడని ఆ పన్నెండు రోజులూ హాయిగా నిద్రపోయాను, అందుకు నీకు రుణపడి ఉన్నాను. కానీ నిన్న ఆసుపత్రి నుంచి వచ్చి కోట్ల మధ్య కూర్చుని ఏడ్చింది. పాతికేళ్లలో అలా చూడలేదు. ఏదో ఒకటి చెయ్యి. బావ.

జూన్ 25

అక్కా,

మీరు అని పిలవకు. తిట్టు, కొట్టు, ఆ మాట మాత్రం వద్దు.

పద్దెనిమిదో తేదీ ఉత్తరం దీనితో పాటే పంపుతున్నాను. ఆ రోజు పడవ సరుకు దింపీ దింపగానే వెనక్కి పంపించేశాను, ఎందుకంటే ఎర్ర జెండా ఎక్కించింది నేనే. మీకు ఆకాశం శుభ్రంగా ఉన్నా ఇక్కడ మూడు రోజులు అలలు మెట్ల మీదకొచ్చాయి. నమ్మవేమోనని రిజిస్టరు పేజీ నకలు తీసి, సరంగు చేత సంతకం పెట్టించి జతచేశాను. నా మాటకి సాక్షి సంతకం కావలసిన స్థితికి నేనే తెచ్చుకున్నాను.

బండి కొనుక్కుందామని దాచుకున్నది ఈ పడవలోనే కంపెనీకి పంపుతున్నాను. అసలు సాఫ్ట్‌వేర్ నీ పేరు మీదే వస్తుంది. బిల్లు నేరుగా నీకే ఇమ్మన్నాను, నా చేతిలోకి రాకుండా.

టీ గ్లాసు కింద దీపం కూడా పెట్టాను. నువ్వు కుట్టిన కుట్లన్నీ అందులో ఉన్నాయి కదా, ఏది ఎటు తిరిగిందో చూసి గీస్తే రోజులు కలిసొస్తాయేమో. మరకలకి క్షమించు. అన్నిటికీ క్షమించు.

నీ తమ్ముడు, నువ్వు అనుమతిస్తే

జూలై 15

ఒరేయ్ జెండా,

నీ కవరు ముందు మీ బావే విప్పాడు. నేను విప్పనన్నాను. ఆయన గట్టిగా చదువుతుంటే వినపడనట్టు కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. "నువ్వు అనుమతిస్తే" దగ్గరకొచ్చేసరికి సూది వేల్లో దిగింది. ఆ తప్పు కూడా నీ ఖాతాలోనే.

పెద్ద నర్సమ్మ ఏమందో ముందు చెప్తాను. "తప్పు జరిగిందని మాకై మేము కనుక్కోకముందే వచ్చి చెప్పిన మనిషిని నేను ఈ ఉద్యోగంలో ఇప్పటిదాకా చూడలేదు" అంది. ప్రారంభం రోజు ముందు వరసలో ఉండే నలభై మందికి కోట్లు ముందిచ్చి, మిగతావి పదో తేదీకి ఇమ్మంది. ఇచ్చేశానురా! నూట నలభై! అమ్మాయిలిద్దరికీ ఇంకా చేతులు వంగడం లేదు.

నీ దీపం గుడ్డ నిజంగానే ఆదుకుంది. అయిన కోట్ల జేబులకి వెనక అస్తరు వేసేశాం, కుట్టు ఎటు తిరిగిందో కనపడదు; నీ గుడ్డకైతే రెండు వైపులా కనపడుతుంది. మీ బావ దాన్ని కిటికీ అద్దానికి అంటించి ఒక్కో కుట్టూ గళ్ల కాగితం మీద ఎక్కించాడు. ఆయన బుద్ధి తెలుసుగా, ఉన్నది ఉన్నట్టు దించుతాడు. టీ మరకని కూడా దించాడు! నేను చూసేసరికి ఆరు కోట్లు అయిపోయాయి, దీపం కింద గుండ్రంగా గోధుమరంగు మచ్చతో. విప్పబోతుంటే పెద్ద నర్సమ్మ వచ్చి చూసి, "దీపం నీడ కూడా వేశారే, ఎంత శ్రద్ధ!" అంది. మీ బావ కాలరెగరేశాడు. ఆ ఆరు కోట్లకీ ఇప్పుడు నర్సుల్లో పోటీ అట.

నడుముల వాళ్లందరి ఇళ్లకీ నేనే వెళ్లి చెప్పుకున్నాను. హెడ్మాస్టరమ్మ నవ్వేసింది. పళ్ల డాక్టరమ్మ గుడ్డ తెచ్చిచ్చింది. పోస్టుమాన్‌కి మాత్రం చెప్పలేదు. రెండంగుళాలు తగ్గాడు, నిక్కరు బిగించమని తెచ్చాడు, ఆ సంతోషం ఎందుకు చెడగొట్టడం?

కొత్త సాఫ్ట్‌వేర్ నా పేరు మీద వచ్చింది. ఆ ఫోన్లో ఆవిడే మళ్లీ చేసి, "ఇప్పుడు మీ పేరు మా పుస్తకంలో ఉందండీ" అంది. నాకు సిగ్గేసింది, ఆవిడ మాత్రం నవ్వింది. కంప్యూటర్ తుడిపించాక నిన్న మొదటిసారి ఎర్ర పెట్టె వచ్చింది. వెంటనే పని ఆపి ఆ కంప్యూటర్ల అమ్మాయిని పిలిచాను. ఏమీ లేదు, ఎవరో పంపిన పిచ్చి మెయిల్. అయినా సరే, ఇక మీదట ఎర్రదేదైనా కనిపిస్తే అమ్మాయి వచ్చేదాకా ఈ షాపులో సూది కదలదు.

నీ మీద కోపం పోయిందా అంటే చెప్పలేనురా. మూడు వారాలు ఉంది. రాత్రీ పగలూ ఉంది. నన్ను మోసం చేశావని కాదు, లేని డబ్బు గురించి అక్క దగ్గర సిగ్గుపడ్డావని. దుప్పట్ల అంచులు కుట్టింది నువ్వు తిరిగి తీరుస్తావని కాదు కదరా. నువ్వు ఉత్త చేతులతో వచ్చి కాజా తియ్యడం నేర్చుకున్నా నాకు చాలు. బండి లేకుండా ఇప్పుడు సెలవుల్లో ఎలా తిరుగుతావు? పోస్టుమాన్ సైకిల్ అడిగి ఉంచాను, ఆయనకెలాగూ అక్కర్లేదు.

నువ్వంటించిన చీటీ ఇవాళ పీకేశాను. ముందు మొత్తం చింపేద్దామనుకున్నాను. తర్వాత కత్తెర తీసుకుని ముందున్న ఎర్ర పెట్టెనీ, చివరున్న నొక్కునీ కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. మధ్యలో మిగిలిన ఒక్క మాట, నీ చేతిరాతతోనే, ఈ కవర్లో పెట్టాను. విప్పేటప్పుడు గాలికి ఎగిరిపోకుండా చూసుకో.

నీ అక్క